గాలి తిరిగిందని రుజువేమిటి?

దంటు పేర్రాజు పంతులు తన జన్మలో చేసిన తప్పు ఒక్కటే. రాయవలసినదానికన్నా ఒక ముక్క ఎక్కువ రాశాడు. దాంతో సొంత ఇల్లు పోయింది, అత్తారింట్లో చేరి నాలుగేళ్లు నెట్టుకురావలసి వచ్చింది. దాని మూలంగా దేశానికి ఏమైందన్నది పెద్దవాళ్ల సంగతి, మనకెందుకు? మనం పంతులుగారి ఇంటి సంగతి చూద్దాం.

తూర్పు సముద్రం ఒడ్డున పీతలరేవని ఒక రేవు ఉండేది. పటాల్లో వెతక్కండి, దొరకదు. దాన్ని ఏలే పాదుషావారు పది రోజుల ప్రయాణం దూరంలో, కొండమీది కోటలో ఉండేవారు. ఆయన సముద్రాన్ని ఎన్నడూ చూసి ఎరగరు గానీ అది తనదేనని గట్టి నమ్మకం. ఆయన తరఫున రేవుకు ఒక హవల్దారు, హవల్దారుగారికి ఒక కచేరీ, కచేరీలో ఉత్తర్వులూ అర్జీలూ రాయడానికి ఒక రాయసం పంతులు. ఆ పంతులే పేర్రాజు. ముత్యాల్లాంటి దస్తూరీ. ఒక్క మాటతో సరిపోయే చోట మూడు పంక్తులు రాయందే ఆయనకి అన్నం సయించేది కాదు.

రేవు ఒడ్డునే ఆయనకి పెంకుటిల్లు ఉంది. నాలుగు గదులు, వెనక దొడ్డి, దొడ్లో పది కొబ్బరిచెట్లు, ఒక తియ్యనీళ్ల నుయ్యి. సముద్రం పక్కన తియ్యనీళ్ల నుయ్యంటే మాటలా! పంతులుగారి భార్య పుల్లమ్మకి ఆ నుయ్యి మీద మొగుడి మీదకన్నా ఒక పిసరు ఎక్కువే ప్రేమ. ఆ మాట ఆవిడే చెప్పేది, దాపరికం లేదు.

ఒక వైశాఖమాసంలో చిరిగిన తెరచాపలతో ఓడ ఒకటి వచ్చి ఆగింది. ఇదివరకు వచ్చిపోయే తెల్లవాళ్లు, బుడతకీచులు కారు, ఒలందావాళ్లూ కారు. ఇంగిలీసువాళ్లట. ఆ పేరు రేవులో ఎవరూ వినలేదు. వాళ్లు అమ్మకానికి తెచ్చినది బనాతు, అంటే మందపాటి ఉన్నిగుడ్డ. వైశాఖంలో, పీతలరేవులో, ఉన్నిగుడ్డ! "అయ్యో పాపం, ఈళ్లని ఎవరు పంపించారో గానీ, కన్నతల్లి లేనట్టుంది" అని పల్లెకారుల ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

వాళ్ల పెద్ద గిల్బర్టుదొర. ఎండకి ఉడికి ఎర్రబడిన మనిషి. మాటకి వెంట దుబాసి వెంగళప్ప. దొర హవల్దారుగారికి ఒక నిలువుటద్దమూ, ఒక తాను ఎర్ర బనాతూ నజరు పెట్టాడు. హవల్దారుగారు అప్పటికప్పుడు అంగీ కుట్టించి తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. చెమట ధారగా కారుతోంది. "హుజూర్‌కి ఎంత నప్పిందో!" అన్నారు అందరూ. ఇంక అది విప్పడానికి వీల్లేకపోయింది.

"పంతులూ! వీళ్లు అద్దకం గుడ్డలు కొనుక్కుంటారట. ఉండడానికి ఉత్తర్వు రాయి. రివాజు ప్రకారం" అన్నారు హవల్దారు.

రివాజు చాలా చిన్నది. పరదేశపు ఓడవాళ్లు గాలి తిరిగేదాకా ఒడ్డున ఉండవచ్చు, తిరిగాక ఉండకూడదు. అంతే. వైశాఖంలో నైరుతి గాలికి వచ్చిన ఓడలు కార్తీకంలో ఈశాన్యపు గాలి పడగానే పోవడం నూరేళ్లుగా జరుగుతున్న పని. అరబ్బులు గాని, ఇంకొకరు గాని, గాలి తిరిగిందా అని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. చాప ఎత్తేవారు, పోయేవారు.

పేర్రాజుకి ఆ ఉత్తర్వు మరీ బోడిగా కనిపించింది. ఇది సముద్రాలు దాటి ఏ రాజు చేతిలో పడుతుందో, చదివి మన కచేరీని ఏమనుకుంటాడో! కలం ఇంకోసారి ముంచి, చివర్న ఇలా చేర్చాడు: "గాలి తిరిగిన సంగతి కచేరీవారు సాక్ష్యాధారములతో విచారించి, రుజువైన మీదట ముద్ర వేసి తెలియపరచగలవారు." మూడుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

వెంగళప్ప అది దొరకి వినిపించాడు. దొర ఆ చివరి ముక్క రెండుసార్లు చదివించుకుని, టోపీ తీసి, నేలదాకా వంగి దణ్ణం పెట్టాడు.

"దొరవారు మహా సంతోషించారండీ," అన్నాడు వెంగళప్ప. "తమరు ముద్ర వేసిన కాగితం ఏ పూట ఇస్తే ఆ పూటే ఓడ ఎక్కుతారట. కాగితం లేకుండా వెళ్లడం సర్కారువారికి అవమానం కదండీ, అటువంటి పని చచ్చినా చెయ్యరట."

"చూశావా పంతులూ మర్యాద!" అన్నారు హవల్దారు, చెమట తుడుచుకుంటూ. "అరబ్బులు చెప్పాపెట్టకుండా పోతారు."

వచ్చినవాళ్లని కచేరీ ఉద్యోగుల ఇళ్లలో ఒడ్డుకి దగ్గరగా ఉన్న పెంకుటింట్లో దింపాలన్నది ఇంకో రివాజు. పేర్రాజు సంతోషంగానే తాళం చెవులు ఇచ్చాడు.

"ఆరు నెలలేనే. కార్తీకంలో గాలి తిరుగుతుంది, మనిల్లు మనకొస్తుంది" అన్నాడు పుల్లమ్మతో.

"ఆరు నెలలు మా అమ్మా వాళ్లింట్లోనా? మా అమ్మ సంగతి మీకు తెలీదండీ, నాకు తెలుసు" అంది పుల్లమ్మ.

అత్తారిల్లు ఊరికి నైరుతి మూల. మొదటి వారం గారెలు, పులిహోర. రెండో వారం పప్పు, అప్పడం. నెల తిరిగేసరికి చారు. అత్తగారు అల్లుడి ఎదట పడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి కూతురితో అంటుంది, అల్లుడు వినాలి. "అమ్మాయీ, మీ ఆయనకి గాలి ఎప్పుడు తిరుగుతుందో అడగవే" అనేది ప్రతి పూటా, అన్నం వడ్డించే వేళకే.

కార్తీకం వచ్చింది. గాలి తిరిగింది. ఆరేసిన చీరలన్నీ ఇటు పక్క ఎగిరేవి అటు పక్క ఎగరడం మొదలుపెట్టాయి. అరబ్బు ఓడలు మూడూ పోయాయి. పేర్రాజు పై కండువా పట్టుకుని కచేరీకి పరుగెత్తాడు.

"హుజూర్! గాలి తిరిగిందండీ!"

"ఎవరు చెప్పారు?" అన్నారు హవల్దారు.

"చెప్పడమేమిటండీ, బయట వీస్తూంటేనూ!"

"బయట ఏమేమో వీస్తాయి. కచేరీకి తెలియవద్దూ? 'సాక్ష్యాధారములతో విచారించి' అని రాసింది నువ్వే కదా. నీ ఇల్లు అందులో ఉంది, నీ సాక్ష్యం చెల్లదు. పల్లెకారులకి అక్షరం రాదు, వాళ్ల సాక్ష్యం చెల్లదు. ఇంక మిగిలింది గాలి. దాన్నే పిలిపించి అడుగుదాం. తాఖీదు రాయి."

గాలికి తాఖీదు రాశారు. "సదరు గాలి మూడు రోజుల్లోగా కచేరీకి హాజరై, తాను ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు పోతున్నదీ, ఎందుకు పోతున్నదీ వాంగ్మూలం ఇచ్చుకోవలసినది." బంట్రోతు దాన్ని ఒడ్డున తాటిచెట్టుకి కట్టాడు. పావుగంటలో అది తెగి, ఊళ్లమీంచి ఎగిరి, నైరుతి దిక్కున రెండు ఆమడల అవతల ఎవరి జొన్నచేలోనో పడింది.

పేర్రాజు ఆనందానికి అంతులేదు. "హుజూర్, ఇంతకన్నా రుజువేం కావాలండీ? కాగితం నైరుతికి పోయిందంటే గాలి ఈశాన్యం నుంచి వస్తున్నట్టే కదండీ!"

హవల్దారుగారు గడ్డం నిమురుకుని చాలాసేపు ఆలోచించారు. "గాలి హాజరు కాలేదు. అది ఒక నేరం. పైగా సర్కారు తాఖీదును ఎత్తుకుపోయింది. అది రెండో నేరం. నేరస్థుడి నడవడిని పట్టి రుజువులు తీయడం న్యాయం కాదు. సంగతి రాజధానికి రాద్దాం" అన్నారు.

రాజధానికి రాశారు. అక్కడ గాలి అనేది ఏ శాఖ కిందకి వస్తుందని అయిదు నెలలు తర్జనభర్జన పడ్డారు. కనిపించదు కనుక గూఢచారి శాఖ అన్నారు కొందరు. చివరికి నలుగురు పెద్దమనుషులను విచారణకి పంపారు. వాళ్లు పల్లకీల్లో, మధ్య మధ్య మామిడితోటల్లో ఆగుతూ, ఆషాఢమాసంలో పీతలరేవు చేరారు. ఆషాఢంలో గాలి మళ్లీ నైరుతి నుంచి కదా వీచేది!

వేలు తడిపి గాలిలో పెట్టి చూడాలని నిర్ణయమైంది. ఎవరి వేలు? నలుగురిలో ఎవరు ముందు ఎత్తినా తక్కిన ముగ్గురికి తలవంపులు. రెండు రోజులు వాదించుకుని నలుగురూ ఒక్కసారే ఎత్తారు. నాలుగు వేళ్లూ నైరుతి అన్నాయి. "పేర్రాజు అనునతడు గాలి తిరిగినదని రాయుట శుద్ధ అబద్ధము. గాలి మునుపు ఎటు ఉన్నదో అటే ఉన్నది" అని రాసి, పంతులుని మందలించి, పల్లకీలు ఎక్కి వెళ్లిపోయారు.

"అమ్మాయీ, మీ ఆయన అబద్ధాలు కూడా రాస్తాడటే?" అంది అత్తగారు తలుపు చాటునుంచి. ఆ పూట నుంచి చారులో పోపు కూడా తగ్గింది.

ఈలోగా గిల్బర్టుదొర కాళ్లు చాపుకుని కూర్చోలేదు. అతనికి సర్కారంటే ఎంత గౌరవమంటే, ఇటిక మీద ఇటిక పెట్టాలన్నా అర్జీ పంపేవాడు. మొదట దొడ్డి చుట్టూ గోడకి అర్జీ వచ్చింది.

"గోడ దేనికి?" అని అడిగారు హవల్దారు.

"గాలి తిరగనంత కాలం ఉండాలి కదండీ," అన్నాడు వెంగళప్ప. "తిరిగే గాలీ తిరగని గాలీ కలిసి ఇంట్లో జొరబడితే విచారణ పాడవుతుందని దొరవారి దిగులండి."

గోడ లేచింది, రెండు నిలువుల ఎత్తు. గోడ లోపల ఆకు కదలడం మానేసింది. "గోడ లోపల గాలే లేదు. లేని గాలి తిరిగే ప్రసక్తి లేదు" అని కచేరీ ఇంకో కాగితం పుట్టించింది. దాన్ని దొర కళ్లకద్దుకున్నాడు. తర్వాత నాలుగు మూలలా నాలుగు బురుజులు. తర్వాత ఫిరంగులు ఎనిమిది.

ఫిరంగులు చూసి మాత్రం హవల్దారుగారు కొంచెం కలవరపడ్డారు. "ఇవెందుకు?"

"గాలి తిరిగిన శుభదినాన సంతోషంగా పేల్చడానికండి."

"వీటి మూతులు ఊరి వైపు ఉన్నాయేం?"

"సముద్రం వైపు పెడితే గాలి జడిసి, తిరగకుండా పోతుందేమోనండీ. అప్పుడు సర్కారువారికే కదండీ చిక్కు!"

హవల్దారుగారి కళ్లు చెమ్మగిల్లాయి. పరాయివాడికి మన సర్కారు మీద ఇంత శ్రద్ధ! ఇంకో తాను బనాతు పుచ్చుకుని ఉత్తర్వు ఇచ్చారు.

ఒకసారి పుల్లమ్మ నీళ్లకోసం బిందె పట్టుకుని పాత ఇంటికి వెళ్లింది. గుమ్మంలో ఈటె పట్టుకుని నిలబడ్డ పరదేశి అడ్డం వచ్చాడు. వెంగళప్ప వచ్చి, లోపలికి వెళ్లి, దొరతో మాట్లాడి, రెండు కొబ్బరికాయలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "దొరవారు తమకి బహుమానంగా ఇమ్మన్నారమ్మా" అన్నాడు. తన చెట్టు కాయలే. పుల్లమ్మ వాటిని చంకన పెట్టుకుని దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది.

"నా నుయ్యి నాకు కావాలండీ," అంది మొగుడితో. "మీ గాలీ వద్దు, మీ కచేరీ వద్దు. నా నుయ్యి నాకు తెచ్చిపెట్టండి."

ఆనాటి నుంచి పేర్రాజు అర్జీల మీద అర్జీలు గుప్పించాడు, హవల్దారుకి, రాజధానికి, నలుగురు పెద్దమనుషులకి. మరో కార్తీకం వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. అర్జీలు పోగుపడి పోగుపడి, రాజధానిలో వాటికి చోటు లేక, చివరికి పాదుషావారు హుకుం ఇచ్చారు. గాలి సంగతి చూడ్డానికే ప్రత్యేకంగా పీతలరేవులో "గాలి చావడి" పెట్టాలి. అది విచారణ పూర్తయ్యేదాకా ఉంటుంది.

చావడికి నలభై ముగ్గురు కొలువుకొచ్చారు. వేలు ఎత్తడానికి ఒక వేలుదారు. వేలు తడపడానికి ఒక నీళ్లవాడు. ధూళి ఎగరేయడానికి ఇద్దరు. ఎగిరిన ధూళి సర్కారుది కనుక దాన్ని తిరిగి ఏరి తేవడానికి పన్నెండుగురు. వాళ్లు మాత్రం నిజంగా కష్టపడేవారు. ఇంగిలీసువాళ్లు తమ కోటమీద జెండా ఒకటి ఎగరేశారు, అది పగలల్లా గాలి ఎటో చూపిస్తూ రెపరెపలాడేది. అయితే అది పరదేశపు గుడ్డ కనుక దానివైపు చూడకూడదని చావడివాళ్లకి మొదటి ఉత్తర్వు.

ఈ చావడికి పెద్ద ఎవరు? గాలి సంగతి మొదటినుంచీ తెలిసినవాడు పేర్రాజు ఒక్కడే. మరి ఆయన ఇల్లు అందులో ఉంది కదా, ఎలా? హవల్దారుగారు దానికీ దారి చూపారు. "మూడేళ్లుగా ఈ పంతులు ఆ ఇంట్లో లేడు. ఇకమీదట ఉండే సూచనలూ లేవు. కాబట్టి ఆ ఇంటితో ఇతనికి ఏ సంబంధమూ లేదు" అని తేల్చారు. పేర్రాజుని గాలి సర్దారుని చేశారు. పల్లకీ ఇచ్చారు, జరీ తలపాగా ఇచ్చారు, గొడుగు పట్టే మనిషిని ఇచ్చారు. ఒడ్డున గొడుగు రోజుకి నాలుగుసార్లు వెనక్కి విచ్చుకునేది, ఎందుకలా అవుతోందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ముద్ర ఆయన చేతికిచ్చారు.

ఆ రోజు అత్తారింట్లో మళ్లీ గారెలు వండారు. మర్నాడూ వండారు. "అమ్మాయీ, సర్దారుగారికి ఇంకో రెండు వెయ్యవే" అంది అత్తగారు, ఈసారి తలుపు కొంచెం తెరిచి.

నాలుగో కార్తీకం వచ్చింది. ఒక పొద్దున పెంకులు ఎగిరేంత గాలి. పుల్లమ్మ అప్పటికే బిందెలన్నీ మూటకట్టి వీధరుగు మీద పెట్టుకుంది.

"ముద్ర మీ చేతిలోనే ఉంది కదండీ. ఇంకెవర్నీ అడగక్కర్లేదు కదండీ?"

"ఎవర్నీ అడగక్కర్లేదే. మధ్యాహ్నానికి మన నూతి నీళ్లతో వంట చేసుకుందువుగాని" అన్నాడు పేర్రాజు. మనసారానే అన్నాడు.

పల్లకీ ఒడ్డుకి చేరింది. చావడి మొత్తం వరసగా నిలబడి ఉంది. వేలుదారు వేలు ఎత్తాడు. ఒక్కసారి పంతులు కాళ్ల మీద పడ్డాడు. "అయ్యా! ఆరుగురు పిల్లలోణ్ణండి. గాలి తిరిగిందని తమరు రాసేత్తే సావిడి ఎత్తేత్తారంటండి. నాకీ ఏలు తప్ప ఇంకో ఆదరువు లేదండి!" వెనకాల ధూళి ఏరేవాళ్లు పన్నెండుగురూ గొల్లుమన్నారు.

హవల్దారుగారు మూడో బనాతు అంగీలో ఆయాసపడుతూ వచ్చారు. "నాకేం అభ్యంతరం లేదు సర్దార్‌గారూ, వేసెయ్యండి ముద్ర. విచారణ పూర్తయితే చావడి ఉండదు. పల్లకీ, తలపాగా, గొడుగు అప్పగించి, రేపు పొద్దున వచ్చి నా కచేరీలో మూల చాప మీద కూర్చో పంతులూ" అన్నారు. మన్నన మాట చివరికి వచ్చేసరికే పోయింది.

గోడమీద గిల్బర్టుదొర టోపీ తీసి నిలబడ్డాడు. "దొరవారు సామాను సర్దుకుని సిద్ధంగా ఉన్నారండి. తమ మాట ఎలా అయితే అలాగే!" అని వెంగళప్ప పైనుంచి కేక పెట్టాడు. దొర వెనకాల తాపీవాళ్లు మూడో అంతస్తుకి సున్నం కలుపుతున్నారు.

పేర్రాజు కాగితం తీశాడు. కళ్ల ముందు నుయ్యి కనిపించింది, చప్టా మీద పుల్లమ్మ కనిపించింది. తర్వాత మూల చాప కనిపించింది. దాని పక్కన చారు గిన్నె కనిపించింది. సరిగ్గా అప్పుడే గాలి ఒక్క విసురు విసిరింది. జరీ తలపాగా లేచి, చుట్టు విప్పుకుని, తోకలాడిస్తూ ఊరి కప్పుల మీదుగా నైరుతికి పోయింది. నలభై ముగ్గురూ ఇసకలో ఏదో పోగొట్టుకున్నట్టు తలలు వంచుకుని నేలకేసి చూశారు. హవల్దారుగారు ఆకాశంలో లేని నెలవంకని వెతికారు.

పేర్రాజు రాశాడు. "గాలి ఇంకను తిరగలేదు. విచారణ సాగుచున్నది." గాలికి కాగితం ఎగిరిపోకుండా ఇద్దరు బంట్రోతులు చెరో కొసా అదిమిపట్టుకుంటే ముద్ర వేశాడు.

కోటమీద ఎనిమిది ఫిరంగులూ పేలాయి. ఊళ్లో రెండు గోడలు కూలాయి. వేలుదారు ఆనందంతో పంతులుని భుజాల మీద ఎత్తుకున్నాడు.

పల్లకీ అత్తారింటి ముందు ఆగింది. లోపల గారెలు వేగుతున్న వాసన. పుల్లమ్మ అరుగు మీద మూట పక్కనే కూర్చుని ఉంది. జుట్టంతా గాలికి మొహం మీద పడుతోంటే చేత్తో తోసుకుంటోంది.

"ఏమయిందండీ?"

"ఇంకా విచారణలోనే ఉందే. తిరగలేదని తేలింది" అన్నాడు పేర్రాజు, ఆవిడ మొహంకేసి చూడకుండా.

పుల్లమ్మ ఆయన బోడితలకేసి చూసింది.

"తలపాగా ఏదండీ?"

"పోయిందే."

"ఎటు పోయింది?"

పేర్రాజు చెయ్యి దానంతటదే నైరుతి వైపు లేవబోతే రెండో చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పుల్లమ్మ "మా నుయ్యి ఇంక మాకు రాదు" అంది, ఎవరితోనూ కాదు. తర్వాత మూట విప్పి, బిందెలు ఒక్కొక్కటే లోపలికి చేరవేసింది.